చెవితో చదివిన ఫ్రెంచి

"తెలుగు పాఠాలు చెప్పుకొనే మీకు ఫ్రెంచితో ఏమి పని మాస్టారూ?" అని అడగని మిత్రుడు మా అధ్యాపకుల గదిలో లేడు. అడిగినవారికి వారి వారి అభిరుచిని బట్టి సమాధానం చెప్పి తప్పించుకొంటూ వచ్చాను. చరిత్రశాఖ మిత్రునితో, 1757లో బొబ్బిలి కోట ముందు ఫిరంగులు నిలిపిన బుస్సీ భాష మనకు పూర్తిగా పరాయిది ఎట్లా అవుతుందన్నాను. యానాం 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలోనే ఉన్నదని, గోదావరి నీళ్ళు త్రాగిన భాష అది అని మరొకరికి చెప్పాను. ఉర్దూశాఖవారు అడిగినప్పుడు, హైదరాబాదులో పుట్టి, ఉస్మానియాలో చదివి, పారిస్ నగరంలో దశాబ్దాలు గడిపిన ముహమ్మద్ హమీదుల్లాగారు (1908–2002) దివ్య ఖురానును ఫ్రెంచిలోనికి అనువదించి 1959లో ప్రకటించిన సంగతి జ్ఞాపకం చేశాను. అందరూ తల ఊపారు. నేను చెప్పినవన్నీ నిజాలే. కాని వాటిలో ఒక్కటీ నా కారణం కాదు.

అసలు కారణం మా ఇంటి వసారాలో, నులకమంచం మీద కూర్చొని వెల్లుల్లి ఒలుస్తూ ఉంటుంది. ఆమె మా అమ్మ.

మా చెల్లెలు పెండ్లయి, భర్త ఉద్యోగరీత్యా ఫ్రాన్సు దేశం వెళ్ళి, దక్షిణాన తులూజ్ నగరంలో స్థిరపడి పదేండ్లు కావస్తున్నది. ఆమెకు ఒక్కతే కూతురు, ఆరేండ్లది. ఆ దేశంలో 2019 నుండి మూడేండ్ల ప్రాయానికే బడి తప్పనిసరి. బడిలో అడుగుపెట్టిన ఏడాదిలోనే ఆ పిల్ల నోట ఉర్దూ వెనుకబడి ఫ్రెంచి ముందుకు వచ్చింది. ఉర్దూలో పలుకరిస్తే అర్థం చేసికొంటుంది. జవాబు మాత్రం ఫ్రెంచిలోనే ఇస్తుంది. ప్రతి ఆదివారం ఫోనులో ఇటునుండి మా అమ్మ ఉర్దూ, అటునుండి మనుమరాలి ఫ్రెంచి ఎదురెదురుగా వచ్చి, పట్టాలు వేరైన రెండు రైళ్ళ వలె ఒకదానిని ఒకటి తాకకుండా వెళ్ళిపోయేవి.

అమ్మకు చక్కెర వ్యాధి వలన కంటిచూపు మందగించి నాలుగేండ్లయింది. ఫోను తెర మీద మనుమరాలు ఆమెకు ఒక వెలుతురు ముద్ద. కన్నూ ముక్కూ తెలియవు. ఆ పిల్లలో ఆమెకు దక్కింది గొంతు ఒక్కటే. ఆ గొంతు పలికేది కూడా తెలియకపోతే ఇక మిగిలింది ఏమిటి? "క్యా బోల్తీ బచ్చీ?" అని నావైపు తిరిగి అడిగేది. చెల్లెలు పక్కన ఉంటే చెప్పేది. లేకుంటే నేను నీళ్ళు నమిలేవాడిని. నాలుగు భాషలు వచ్చునని ఊరిలో పేరున్న కొడుకు, తల్లి అడిగిన ఆ మూడు మాటల ప్రశ్నకు జవాబు లేక నిలబడడం నాకు ఎంతో చిన్నతనంగా తోచింది.

నేను పుస్తకం మనిషిని. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివేనాడు చిన్నయసూరి సూత్రాలను వల్లె వేసినవాడిని కనుక, ఏ భాషలోనికైనా వ్యాకరణమనే సింహద్వారం గుండానే ప్రవేశించాలని నా నమ్మకం. ఫ్రెంచి వ్యాకరణం ఒకటి తెప్పించి మూడు నెలలు రాత్రులు కూర్చొని క్రియారూపాలతో రెండు నోటుపుస్తకాలు నింపాను. ఆ మరుసటి ఆదివారం చెవి రిక్కించి విన్నాను. పాప చెప్పినదానిలో ఒక్క మాట కూడా నాకు చిక్కలేదు.

తప్పు పాపది కాదు. ఫ్రెంచిలో వ్రాత ఒక దారి, పలుకు ఒక దారి. 'మాట్లాడు' అనే క్రియకు 'పార్లె' అని ఒకే తీరున పలికే రూపాలు కాగితం మీద నాలుగైదు విధాలుగా ముగుస్తాయి. మాట చివర అక్షరాలు బారులు తీరి ఉంటాయి, నోట మాత్రం పలకవు. వ్రాసినట్లే చదువుకొనే తెలుగువాని కన్ను అక్కడ ఘోరంగా మోసపోతుంది. నేను నేర్చినది కాగితం మీది ఫ్రెంచి. పాప మాట్లాడేది గాలిలోని ఫ్రెంచి.

సంగతి విని మా పాత విద్యార్థి ఒకడు, "సార్, ఈసారి కళ్ళు మూసుకొని నేర్చుకోండి" అని నా ఫోనులో ధ్వనిపాఠాలు పెట్టించి ఇచ్చాడు. వినిపించి భాష నేర్పడం కొత్త విద్యేమీ కాదు. ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫును కనిపెట్టిన పాతికేండ్ల లోపలే, 1901లో, లింగ్వాఫోన్ వారు ఆ పనికి పూనుకొన్నారు. తరువాత గ్రామఫోను ప్లేట్లు వచ్చాయి, క్యాసెట్లు వచ్చాయి. ఇప్పుడు అదంతా జేబులో ఇమిడింది. నాకు దొరికినవి పాల్ పిమ్‌స్లర్ అనే అమెరికా ఆచార్యుని పద్ధతిలో తయారైన పాఠాలు. ఆయన 1976లోనే మరణించాడు. ఒక్కొక్క పాఠం అరగంట. పుస్తకం పట్టవలసిన పని లేదు. ఒక పురుషుడు ఇంగ్లీషులో "ఈ మాటను ఎట్లా అంటారు?" అని అడుగుతాడు. కొన్ని క్షణాలు మౌనం. ఆ తరువాత ఫ్రెంచివారు సరైన మాట పలుకుతారు. ఆ మౌనంలోనే మనం జవాబు చెప్పాలి.

మాట ఎప్పుడు మరపునకు వస్తుందో గమనించి సరిగ్గా ఆ అంచున దానిని మళ్ళీ అడగడం ఈ పద్ధతిలోని రహస్యం. 1967లో ప్రకటించిన వ్యాసంలో పిమ్‌స్లర్ దానికొక లెక్క కట్టాడు. కొత్త మాటను 5 క్షణాలకు ఒకసారి, 25 క్షణాలకు ఒకసారి, తరువాత 2 నిమిషాలకు, 10 నిమిషాలకు, గంటకు, 5 గంటలకు, రోజుకు, 5 రోజులకు, 25 రోజులకు, 4 నెలలకు, కడపట 2 ఏండ్లకు అడగాలట. ప్రతి ఎడమూ ముందుదానికి ఇంచుమించు అయిదింతలు. చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది. మన మదరసాలలో హాఫిజు కాబోయే పిల్లవానికి ఆనాటి కొత్త పాఠం, ఇటీవలి పాఠం, పాత పాఠం, అంటే సబఖ్, సబఖీ, మన్జిల్ అని మూడూ రోజూ ఒప్పజెప్పించుకొనే ఏర్పాటు ఎంతకాలంగా ఉన్నదో! పదాలను ముందుకూ వెనుకకూ త్రిప్పి ఘనపాఠం చెప్పే వేదపండితులకు గాని, వీధిబడిలో ఎక్కాలు అరిపించిన పంతుళ్ళకు గాని ఈ సంగతి కొత్త కాదు. దానిని క్షణాల్లో కొలిచి కాగితం మీద పెట్టిన ఘనత మాత్రం ఆచార్యునిదే.

పొడుగు మాటలను తుది నుండి మొదటికి పేర్చి పలికించడం మరొక చమత్కారం. చివరి అక్షరం మొదట, దాని ముందుది తరువాత, అట్లా వెనుకకు జరుగుతూ మాట మొత్తం నోటికి వస్తుంది. మొదట వెర్రిగా తోచింది. నోరు మాత్రం ఎక్కడా తడబడకపోవడం చూసి ఒప్పుకొన్నాను.

ఇక ఆ మౌనం గురించి చెప్పాలి. అది నాలుగైదు క్షణాలకంటె ఎక్కువ ఉండదు. అంత పొడుగైన నాలుగు క్షణాలు నా జీవితంలో నేనెరుగను. జవాబు నాకు తెలుసు. కాగితం ఇస్తే వ్రాసి చూపగలను. నోరు తెరవబోతే గొంతులో ఏదో అడ్డుపడుతుంది. గదిలో నేను ఒక్కడినే, తలుపు వేసి ఉన్నది, వినేవాడు లేడు. అయినా తప్పు పలుకుతానేమోనని సిగ్గు. పదకొండేండ్లుగా ఇతరుల తప్పులు దిద్దిన నోరు, తాను తప్పు చేయడానికి ఒప్పుకోలేదు. మా కడపకు 1820లో ఉద్యోగిగా వచ్చిన సి.పి. బ్రౌన్ తెలుగు పలుకబోయి ఎన్ని తప్పులు చేసి ఉంటాడో, ఆయన పండితులు ఎన్నిసార్లు నవ్వు ఆపుకొన్నారో అని ఆ రోజుల్లో తరచు తలచుకొనేవాడిని. ఆయన పేరిట ఉన్న గ్రంథాలయం మీదుగానే నేను రోజూ కళాశాలకు వెళ్ళేది.

పదో పాఠం నాటికి సిగ్గు కొంత తగ్గింది. అందుకు కారణం ధ్వనులు. ఫ్రెంచి 'ర' నాలుక కొనతో పలికేది కాదు, కొండనాలుక దగ్గర ఒరిపిడితో పుట్టేది. తెలుగు మాత్రమే తెలిసినవారు దానికోసం పుక్కిలింతలు పట్టవలసి ఉంటుంది. నాకు మాత్రం అది విన్న మరుక్షణమే చుట్టమైంది. అది మన 'గైన్'! గరీబ్ అనేటప్పుడు, బాగ్ అనేటప్పుడు మన ఇండ్లలో చంటిపిల్లలు కూడా పలికే ధ్వని. 'త'కారం తరువాత వచ్చినప్పుడు అదే కొంత కరకుబారి మన 'ఖే' వలె వినిపిస్తుంది. తెలుగు లిపిలో దీనికి అక్షరం లేదు. ఉర్దూ ఇంటి పిల్లవాని గొంతులో చోటున్నది.

ముక్కుతో పలికే అచ్చుల సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. ఉర్దూలో వాటిని నూన్ గున్నా చూసుకొంటుంది. మన దక్కనీలో బహువచనమంతా అదే గదా: బాతాఁ, కితాబాఁ, లోగాఁ. నాలోని తెలుగు పంతులుకు మాత్రం అక్కడ మరొకటి జ్ఞాపకం వచ్చింది, అరసున్న. వాఁడు, వీఁడు, మూఁడు అని పాత పుస్తకాల్లో చూసి, "ఇది పలకదు, వ్రాయడానికే" అని ఏండ్ల తరబడి పిల్లలకు చెప్పాను. అరవంలో 'మూన్ఱు' అని నకారం నిలిచిన చోట తెలుగు మూఁడుకు అరసున్న మిగిలింది. అంటే ఒకనాడు అది ముక్కున పలికిన ధ్వనే. తరువాత ఆ పలుకు పోయి గుర్తు మిగిలింది. 'మంచి' అనే అర్థంలో ఫ్రెంచివారు పుంలింగానికి 'బోఁ' అని ముక్కుతో, స్త్రీలింగానికి 'బొన్' అని నకారం నిండుగా పలికినప్పుడు, మనం పోగొట్టుకొన్న అరసున్న పరాయి ఊరిలో క్షేమంగా ఉన్నదని కబురు అందినంత సంతోషం కలిగింది.

ఇట్టి చుట్టరికాలు వెదకడం మా వృత్తి రోగం. పాఠకులు మన్నించాలి, ఇంకొకటి రెండు చెప్పి ఊరుకొంటాను. 'లె అమి' అనక 'లామి' అంటారు; రాముడు, అతడు కలిసి 'రాముడతడు' అయినప్పుడు జరిగేది ఇటువంటిదే. మాట తుదిని దాగిన హల్లు, పక్కన అచ్చు రాగానే పైకి వస్తుంది. 'మిత్రులు' అనేదానిని 'లెజామి' అని పలుకుతారు. 'నాకు'లో కనబడని ద్రుతనకారం 'నాకు నిచ్చెను' అన్నప్పుడు తొంగిచూడడం వంటిది ఇది. 'అతనికి ఉన్నదా' అని అడగడానికి 'అ', 'ఇల్' అనే రెండచ్చుల నడుమ ఒక తకారాన్ని చొప్పించి 'అతిల్' అంటారు. చిగురుటాకులో టకారం ఎక్కడిదని అడిగిన పిల్లలకు టుగాగమం చెప్పిన నేను, ఈ తకారాన్ని చూసి ఇంట్లో ఒంటరిగా చప్పట్లు కొట్టాను.

నేను నిజంగా ఒంటరిగా లేనని అప్పుడే తెలిసింది. చెవిగొట్టాలు పెట్టుకొంటే తల నొప్పి వస్తున్నదని, ఫోనును బల్ల మీద పెట్టి పాఠం బయటికే వినేవాడిని. ఒక సాయంత్రం ఎనభై అనే సంఖ్య వచ్చింది. ఫ్రెంచిలో దానికి సొంత పేరు లేదు. 'నాలుగు ఇరవైలు' అంటారు. తొంభై తొమ్మిదైతే నాలుగు ఇరవైలు, పది, తొమ్మిది. నేను వేళ్ళు మడుస్తూ మౌనాన్ని వ్యర్థం చేస్తూ ఉండగా, వసారాలో నుండి వినిపించింది: "చార్ కోడీ, బేటా!" ఉర్దూలో ఇరవైని కోడీ అంటారు. గాజులు, తమలపాకులు కోడీల లెక్కన కొన్న తరం ఆమెది. అంతటితో ఊరుకోక, ఆ ఫ్రెంచి మాటను కూడా పలికింది. నాకంటె చక్కగా పలికింది.

నెలరోజులుగా ఆమె తలుపు అవతల కూర్చొని వెల్లుల్లితో పాటు ఫ్రెంచి కూడా ఒలుస్తున్నదని నాకేమి తెలుసు? ఆమెకు ఇంగ్లీషు రాదు. కనుక ప్రశ్న అర్థం కాదు. ప్రశ్న తరువాత వచ్చే మాటను పట్టుకొని, దాని అర్థం మెల్లగా నన్ను అడిగేది. నేనేమో ఏదో ఆసక్తి అనుకొని చెప్పేవాడిని. నాకు అడ్డువచ్చిన సిగ్గు ఆమెకు లేదు. తప్పు పలికితే నవ్వి మళ్ళీ పలికేది. ఆనాటి నుండి ఇద్దరం కలిసి కూర్చొన్నాం. ఆ మౌనాల్లో పదింట ఏడింటిని ఆమే నింపేది.

ఈ పాఠాలు చేసినవారికి ఒక దోషమున్నది. పరాయి ఊరిలో ఒక పురుషుడు, ఒక స్త్రీ, ఫలహారశాల, పానీయం, ఇవి తప్ప లోకంలో మాట్లాడుకొనే విషయమే లేదన్నట్లు వ్రాశారు. 'వేఁ' అంటే ఏమిటని అమ్మ అడిగిన రోజున, ద్రాక్షసారా అని చెప్పడానికి నోరు రాక, "అంగూర్ కా షర్బత్" అని చెప్పి గండం గడిపాను. పాపం ఊరక పోతుందా? ఆ ఆదివారం మనుమరాలితో ఎంతో ఆదరంగా, కొంచెం 'వేఁ' పుచ్చుకొంటారా అని అడిగింది. అటువైపు పాప కేక పెట్టి నవ్వడం, చెల్లెలు పరుగున వచ్చి "అమ్మీ! ఎవరు నేర్పారు నీకీ మాట?" అని నిలదీయడం, నేను వంటింట్లోకి జారుకోవడం ఒకేసారి జరిగాయి.

పాప నవ్వులో మరొక కారణం కూడా ఉన్నది. ధ్వనిపాఠాల్లో అందరూ ఒకరినొకరు 'వూ' అనుకొంటారు, అంటే మీరు అని. ఇంటివారిని, పిల్లలను 'త్యు' అనాలి. "నానీ నన్ను వూ అంటున్నదేమిటి? అది మా పంతులమ్మను అనే మాట" అని పాప చెప్పింది. ఆ మాట అమ్మకు అనువదించి చెప్పాను. ఆమె ఏమీ తగ్గలేదు. "అచ్ఛే ఘరాఁ మేఁ బచ్చాఁ కు భీ ఆప్ బోల్తేఁ" అన్నది. ఈనాటికీ ఆరేండ్ల మనుమరాలిని 'వూ' అనే పిలుస్తుంది.

2025 మార్చి 30వ తేదీ రాత్రి. ఇక్కడ మరునాడు పండుగ. ఫ్రాన్సులో ఆనాడే పండుగ అయిపోయింది. మనకు పన్నెండు కావస్తుండగా వారికి అప్పుడే ప్రొద్దు గ్రుంకుతున్నది. సేమ్యా వేయిస్తూ మేలుకొనే ఉన్నాం, ఫోను వచ్చింది. పాప మేడవసారాలో నిలబడి ఉన్నది. చంద్రుడు కనబడుతున్నాడా అని అడగబోయి నేను 'లె ల్యూన్' అన్నాను. ఉర్దూలో చాంద్ పుంలింగం. ఆ అలవాటు నాలుకను లాగింది. ఫ్రెంచిలో చంద్రుడు స్త్రీలింగం, 'లా ల్యూన్'. పాప పకపక నవ్వింది. "మామూ, లా! లా ల్యూన్!"

ఆ నవ్వు వింటూ ఉండగా నాకు ఒక పిల్లవాడు గుర్తుకు వచ్చాడు. నా ఉద్యోగం మొదటి ఏడు. ఉర్దూ మాధ్యమం నుండి వచ్చినవాడు, వెనుక బెంచీ. ఫీజు సంగతి అడిగితే లేచి నిలబడి, "మా అమ్మ వచ్చినాడు సార్" అన్నాడు. తరగతి గొల్లుమన్నది. అందరికంటె ముందు నవ్వినది నేను. ఆ తరువాత ఏడాది పొడుగునా వాడు నా తరగతిలో నోరు తెరవలేదు. అడిగినప్పుడల్లా లేచి నిలబడేవాడు. నేను రెండు క్షణాలు చూసి, "సరే కూర్చో" అని పక్కవానిని అడిగేవాడిని. వాని మౌనంలో జవాబు ఉన్నదో లేదో తెలిసికొనేంత సేపు నేను ఏనాడూ ఆగలేదు. మరుసటి ఏడు వాడు ద్వితీయ భాష మార్చుకొన్నాడు. ఆ రిజిస్టరులో వాని పేరు ఏ వరుసలో ఉండేదో ఇప్పటికీ చెప్పగలను. వాని ముఖం మాత్రం సరిగా గుర్తుకు రావడం లేదు.

ఫోనును అమ్మ అందుకొన్నది. చూపు పోయిన నాటి నుండి ఆమె పండుగ నెలవంకను చూసి ఎరుగదు. ఇంటిల్లిపాదీ మిద్దె ఎక్కితే క్రింద కూర్చొని దుఆ చేసేది. "ఊ ఎ లా ల్యూన్?" అన్నది. చంద్రుడు ఎక్కడ? పాప గబగబా ఏదో చెప్పింది. నేను అర్థం చెప్పాను: ఎదుటి ఇంటి కప్పుకు క్రింద ఉన్నదట. అమ్మ నన్ను ఆపింది. "నక్కో బేటా, నీచే నహీఁ. ఊపర్."

ఫ్రెంచిలో 'దెస్యు' అంటే పైన, 'దెసు' అంటే క్రింద. రెంటికీ తేడా ఆ ఒక్క అచ్చులో ఉన్నది. పెదవులు ఊకారానికి గుండ్రంగా చుట్టి, నాలుకను ఈకారం చోట నిలిపితే పుట్టే ధ్వని అది. తెలుగులోనూ లేదు, ఉర్దూలోనూ లేదు. ఏ చుట్టరికమూ కలపడానికి వీలు లేక నేను పట్టించుకోకుండా వదిలిన ధ్వని అదొక్కటే. చెల్లెలు అటునుండి, అమ్మీ విన్నదే సరైనదని చెప్పింది. నెలవంక కప్పుకు పైననే ఉన్నది.

పాప ఇంకా చెబుతున్నది, ఎంత సన్నగా ఉన్నదో, ఏ వైపుకు వంగి ఉన్నదో. అమ్మ ఫోనును చెవికి అదుముకొని, కళ్ళు మూసుకొని, 'వి, వి' అంటూ వింటూ కూర్చొన్నది. పొయ్యి మీద సేమ్యా మాడిన వాసన వచ్చింది, ఎవరూ లేవలేదు.

ఫోను పెట్టిన తరువాత అడిగింది, రేపు పండుగ కదా, పాఠం ఉంటుందా అని. సెలవు తీసుకొందామన్నాను. అక్కరలేదన్నది. నమాజు నుండి వచ్చిన తరువాత పదిహేడో పాఠం మళ్ళీ పెట్టమన్నది. అందులో ఆ మనిషి రెండోసారి అడిగినదానికి ఆమె సరిగా చెప్పలేదట.